ఊఁ కొట్టని శ్రోత

మూడో పుస్తకం పేరు మింగేస్తే ఎవరికి తెలుస్తుంది, ఈ లైబ్రరీ హాల్లో కూర్చున్న వాళ్ళలో సగం మందికి బయటి గాలి తగలకుండా కాసేపు కూర్చునే చోటు కావాలి, మిగతా సగానికి వెనక బల్ల మీది కాఫీ, నిమ్మకాయ కేకు ముక్కలు కావాలి, కానీ కోరిన్‌కి తెలుస్తుంది, మొదటి వరసలో కాళ్ళు చాపుకొని, చలికోటు ఒళ్ళో పెట్టుకొని నా వంకే చూసి నవ్వుతున్న కోరిన్ మేడాక్స్‌కి తన పుస్తకాలు ఎన్నో తెలియవా, అందుకని మింగలేదు, ఆమెను పరిచయం చేస్తూ మైకు ముందు నిలబడి బడిపిల్లలా అన్నీ అప్పజెప్పాను, మొదటిది ఉప్పు చల్లని రోడ్లు, అది అచ్చు కాకముందే పోటీలో నెగ్గింది, రెండోది అద్దె ఇంటి కిటికీలు, మూడోది పడవలు ఆగిన నెల, దేశమంతా చెప్పుకునే ఆ బహుమతి దానికే వచ్చింది, ఇప్పుడు నాలుగోది, చప్పుడు చేయకుండా, ఇదేం పేరు, పుస్తకం పేరా ఆసుపత్రి గోడ మీద బోర్డా, ఆ మాట పైకి అనలేదు, మా డులూత్ అమ్మాయి అన్నాను, మా ఊరికే గర్వకారణం అన్నాను, ఆ మాట బయటికి రావడానికి నా పళ్ళు ఎంత కష్టపడ్డాయో నాకే తెలుసు, పైగా ఈమెది మా ఊరు కూడా కాదు, ఒహాయో నుంచి చదువుకోవడానికి వచ్చి, కొండ మీది అద్దె ఇంట్లో నాతోపాటు రెండు చలికాలాలు ఉండి వెళ్ళింది, ఆ రెండు చలికాలాలతో ఇన్ని పుస్తకాలు వేసింది, నేను ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగి, ఇక్కడే ఉండిపోయి, ఏటేటా వాకిట్లో మంచు పారతో ఎత్తిపోస్తూనే ఉన్నాను, నాకు ఒకే ఒక్క పుస్తకం, అది కూడా ఇప్పుడు ఎక్కడా దొరకదు.

చదవడం మొదలుపెట్టింది, గొంతు అలాగే ఉంది, కొంచెం బొంగురు, సిగరెట్లు మానేసి ఎన్నేళ్ళయినా గొంతు మానలేదు, ఒక కవిత అయింది, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కవితకూ కవితకూ మధ్య మేం చప్పట్లు కొట్టం, అది మోటు, అన్నీ అయ్యాక చివర్లో ఒకేసారి కొడతాం, మధ్యలో మాత్రం ఒక చిన్న చప్పుడు, గొంతులోంచి, పెదవులు కలిసే ఉండగా, ఊఁ అని, కవిత చివరి మాట మనసుకు తగిలితేనే వస్తుంది, తగలకపోతే దగ్గులు, కుర్చీల కిర్రు, బయట కవితలు వినేవాళ్ళకి ఇదంతా తెలియదు, కవులకు తెలుసు, పత్రికల్లో ఎవరేం రాశారన్నది తర్వాతి సంగతి, ముందు ఆ ఊఁ వచ్చిందా లేదా అని చూసుకుంటాం, ఇదుగో ఇప్పుడు వచ్చింది, కిటికీ పక్కన కూర్చున్న రిటైరైన పోస్టుమాస్టరు నోటినుంచి, ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళ నోటినుంచి, నేను మాత్రం దవడ బిగించి కూర్చున్నాను, నువ్వు ఏం చదివినా సరే కోరిన్, నా గొంతులోంచి అది రాదు, తూర్పున అంత పెద్ద యూనివర్సిటీలో ఉద్యోగం, అంత పేరు, అవన్నీ నీవే, ఇదొక్కటి నాది, ఇవ్వను.

నా కవితకు ఆ చప్పుడు ఎప్పుడైనా వచ్చిందా అంటే, గుర్తు లేదనడం మర్యాద, రాలేదనడం నిజం, ఆ అద్దె ఇంట్లో, ముందు గదిలో, ఆరేడుగురం నేల మీద కూర్చొని ఒకరి తర్వాత ఒకరం చదివే సాయంత్రాల్లో కూడా రాలేదు, ముఖ్యంగా ఆ సాయంత్రం, మా అమ్మ ఆర్లిస్ ఇనుప గనుల ఊరినుంచి బస్సెక్కి, బంగాళాదుంపలు, మాంసం కలిపి ఓవెన్లో కాల్చిన వంటకాన్ని గిన్నెతో సహా తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకొని తీసుకొచ్చిన సాయంత్రం, అందరం తిన్నాం, తిన్నాక అమ్మా నువ్వూ కూర్చో, నేను చదువుతాను అంటే, మీరు చదువుకోండర్రా, నాకేం అర్థమవుతాయి అవి, గిన్నెలు అట్టకట్టుకుపోతాయి అని వంటింట్లోకి పోయింది, నేను చదివింది దాని గురించే, మా అమ్మ గురించే, బడి వంటశాలలో ఆమె నిలబడే తీరు గురించే, చదువుతూ కోరిన్ ముఖం చూశాను, అందరిలోకీ కోరిన్ ముఖమే చూశాను, ఎందుకంటే అప్పటికే మాకందరికీ తెలుసు పైకి వెళ్ళేది కోరిన్ అని, కోరిన్ ఊఁ అంటే చాలు అనుకున్నాను, కోరిన్ నా వంక చూడనైనా చూడలేదు, తల పక్కకు తిప్పి ఎటో చూస్తూ కూర్చుంది, నేను చివరి మాట చదివాను, నిశ్శబ్దం, ఎవరో దగ్గారు, అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చి, కాఫీ ఎవరెవరికి కావాలర్రా అంది, చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి తివాచీ మీద నీళ్ళు కారుతున్నాయి, నాకు తల కొట్టేసినట్టయింది, చేతులు తుడుచుకోవా అమ్మా, అందరి ముందూ అలా కారుస్తూ వస్తావేం అని కసిరాను, అయ్యో చూసుకోలేదే అని ఆమె లోపలికి పోయింది, ఆ తర్వాత ఎన్ని కవితలు రాసినా అమ్మ గురించి నాకు ఒకటే వస్తువు, వినని తల్లి, కూతురు గొంతు చించుకొని చదువుతుంటే పక్క గదిలో గిన్నెలు తోముకుంటున్న తల్లి, ఆ తల్లి పోయి రెండు చలికాలాలయింది, ఆ కవితలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

అవన్నీ ఇప్పుడు నా కుర్చీ కింద సంచిలో ఉన్నాయి, పుస్తకానికి పేరు కూడా పెట్టాను, మా అమ్మ వినలేదు, వెనక కాఫీ బల్ల దగ్గర నిలబడి కేకు ముక్క మీద కేకు ముక్క తింటున్న ఆ బట్టతలాయన వెండెల్, తన గరాజులో చిన్న అచ్చుయంత్రం పెట్టుకొని కవిత్వం తప్ప ఇంకేమీ అచ్చువేయని పిచ్చివాడు, ఎన్నో చోట్ల కాదనిపించుకొని వెళితే ఆయన ఒక్కడే కాదనలేదు, అవుననీ అనలేదు, చూడండి లోర్నా గారూ, పుస్తకం బానే ఉంది, కానీ అట్ట వెనక ఎవరి మాటలు వేస్తాం చెప్పండి, మీ పేరు చూసి ఎవరూ తియ్యరు, కోపం తెచ్చుకోకండి, నా పేరు చూసీ ఎవరూ తియ్యరు, కోరిన్ మేడాక్స్ మీ ఫ్రెండేగా, ఆవిడ చేత నాలుగు మాటలు రాయించుకొచ్చారంటే వసంతానికల్లా వేసిపారేస్తా, అన్నాడు, ఎంత చక్కగా అన్నాడు, జుట్టు పట్టుకొని ఆమె గుమ్మం ముందు నిలబెట్టి అడుక్కోమన్నట్టు, ఈ రోజు అడగకపోతే కోరిన్ రేపు పొద్దున్నే విమానం ఎక్కేస్తుంది, అడిగితే రాస్తుంది, కోరిన్ మంచిది, అదే నాకు మండుతుంది, కాస్త చెడ్డదయినా బాగుండేది, మధ్యాహ్నం విమానాశ్రయం నుంచి నా కారులోనే వస్తూ, ఏంటే లోర్నా, ఇంకా ఈ డొక్కు కారేనా, నా మీదకంటే దీని మీదే ప్రేమ ఎక్కువే నీకు అని పకపక నవ్వింది, తర్వాత రోడ్డు పక్కన సరస్సు వైపు చూస్తూ, ఒక కవిత చదువుదామనుకుంటున్నా, ముందు నీకు చెప్పాలే అంది, నేను చెప్పనివ్వలేదు, నీ పుస్తకం నీ ఇష్టం, నన్నడుగుతావేంటి, చదువుకో అన్నాను, మా దగ్గర ఆ మాటకు అర్థం నోరు మూసుకో అని, ఇక్కడ రెండు చలికాలాలు ఉన్న మనిషి కాబట్టి ఆమెకు అర్థమయింది, నోరు మూసుకుంది.

ఇప్పుడు మాత్రం నోరు తెరిచి చెబుతోంది, మైకు సరిచేసుకుంటూ, ఈ కవిత ఆర్లిస్‌ది అంటోంది, ఆర్లిస్ వాళ్ళమ్మాయి ఇక్కడే ఉంది, తను వద్దంటే ఆపేస్తా అంటోంది, హాలు హాలంతా నా వైపు తిరిగింది, పోస్టుమాస్టరు సహా, ఇంతమంది ముందు వద్దని ఎవరంటారు, తల ఊపాను, కానీ లోపల మాత్రం, అమ్మను కూడానా, నా చలికాలాలు తీసుకున్నావు, మా కొండ తీసుకున్నావు, ఇక మిగిలింది మా అమ్మ ఒక్కతే, ఆమెను కూడా నీ పుస్తకంలో పెట్టుకున్నావా, పైగా పేరు కూడా మార్చకుండా, కాళ్ళ దగ్గర సంచిని మడమతో కుర్చీ కిందికి ఇంకా లోపలికి తోశాను, సిగ్గులేకుండా అడుగుదామనుకున్నాను కదా దీన్ని, చావనైనా చస్తాను గానీ అడగను, చదువు, చదువు, చూస్తాను నీకేం తెలుసో మా అమ్మ గురించి.

చదివింది, చిన్న కవిత, పెద్ద మాటలేవీ లేవు, ఒక ఆడమనిషి వంటింటి తొట్టి ముందు నిలబడి ఉంటుంది, పక్క గదిలో ఒక అమ్మాయి గొంతు మొదలవుతుంది, ఆమె కుళాయి కట్టేస్తుంది, అప్పుడే నురగలోంచి తీసిన పళ్ళెం చేతిలో ఉంటుంది, దాన్ని దించాలి, దించితే కింద ఉన్న పళ్ళేలకు తగిలి టంగుమంటుంది, దించదు, వంటింటి గుమ్మం దాకా వచ్చి, తలుపు చాటున, పళ్ళెం భుజం ఎత్తున పట్టుకొని నిలబడుతుంది, నీళ్ళు మణికట్టు మీదుగా, మోచేతి మీదుగా, చొక్కా చేతిలోకి కారుతూ ఉంటాయి, ఆమె కదలదు, పక్క గదిలో ఆ గొంతు ఆగేదాకా చప్పుడు చేయకుండా అలాగే ఉంటుంది, ఆగాక పెదవులు కదలకుండా ఏదో అంటుంది, తర్వాత పళ్ళెం దించి, కాఫీ ఎవరెవరికి కావాలో అడగడానికి వెళుతుంది, అంతే, కవిత అక్కడే అయిపోయింది, హాల్లో నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఊఁ అని ఒక చప్పుడు, పెద్దగా, ఎవరబ్బా ఇంత పెద్దగా అని నేను పక్కకు చూడబోయి, పక్కావిడ నన్నే చూస్తుండటం చూసి, అది నా గొంతే అని తెలుసుకున్నాను.

చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో ఎప్పుడు ఆగాయో తెలియదు, పుస్తకాల మీద సంతకాలు చేయించుకునే వరసలో నేనూ ఉన్నాను, సంచి భుజాన ఉంది, వెండెల్ దూరంనుంచి కనుబొమలు ఎగరేస్తున్నాడు, అడిగారా అని, నా ముందున్న ఆవిడ కోరిన్‌తో తన పిల్లి గురించి చెబుతోంది, నేనింకా తడిసిన ఆ చొక్కా చేతి దగ్గరే ఉన్నాను, ఒక పళ్ళెం తోమితే అంత నీళ్ళు కారవు, ముప్ఫై పళ్ళేలు తోమినా కారవు, అమ్మ బడి వంటశాలలో రోజూ వందల పళ్ళేలు కడిగిన మనిషి, ఎన్నడూ చెయ్యి తడుపుకోలేదు, పళ్ళెం ఎత్తి పట్టుకొని నిలబడితేనే అలా కారతాయి, ఇది కోరిన్ కల్పించింది కాదు, దానికి సాక్ష్యం తివాచీ మీద నా కళ్ళ ముందే కారింది, నేను కసిరాను, నా వంతు వచ్చింది, కోరిన్ తలెత్తి, కోపమా అని అడిగింది, ఎప్పుడూ హాస్యమాడే కళ్ళు బెదురుగా ఉన్నాయి, ఎన్నేళ్ళు నీ దగ్గర పెట్టుకున్నావే దీన్ని అన్నాను, అది నీది కదే, నువ్వే రాస్తావనుకున్నా, ఎదురుచూశా, ప్రతిసారీ నువ్వు ఇంకేదో రాశావు, ఆవిడ పోయాక ఇక నావల్ల కాలేదు, కారులో చెబుదామంటే నువ్వు నోరెత్తనివ్వలేదు అంది, అమ్మ ఏమంది అప్పుడు, పెదవులు కదపకుండా ఏదో అందని రాశావు కదా, ఏమంది అని అడిగాను, కోరిన్ నా వంక వింతగా చూసింది, ఇందాక నువ్వన్నదే అంది, అచ్చం అలాగే.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు, కోరిన్ నా సంచి వైపు చూసి, నాకేమైనా తెచ్చావా, ఇవ్వవే, విమానంలో చదువుకుంటా అంది, చేతిని సంచిలోకి పోనిచ్చాను, మా అమ్మ వినలేదు అన్న అట్ట వేళ్ళకు తగిలింది, అడిగితే నాలుగు మాటలు రాస్తుంది, వసంతానికి పుస్తకం వస్తుంది, నా పేరుతో, నా అబద్ధంతో, లేదులే, ఇంకా అవలేదు అని చేయి బయటికి తీసుకున్నాను, వెండెల్ ముఖం వేలాడేసుకొని ఇంకో కేకు ముక్క తీసుకున్నాడు, అసూయ పోయిందా అంటే ఎక్కడికి పోతుంది, ఇంకా ఎక్కువయింది, కానీ ఇన్నేళ్ళూ దాన్ని తప్పుడు చోట ఖర్చు పెట్టాను, ఆ బహుమతికీ, ఆ ఉద్యోగానికీ, ఆ నాలుగు పుస్తకాలకూ కుళ్ళి చచ్చాను, కుళ్ళుకోవలసింది ఆ సాయంత్రం ఆమె తల పక్కకు తిప్పిన ఆ ఒక్క చూపుకు, నేను నా కవిత చదువుతూ చదువుతూ ఊఁ కోసం కోరిన్ ముఖంలో వెతుకుతున్నాను, కోరిన్ తలుపు చాటున ఉన్న మా అమ్మను చూస్తోంది, మా అమ్మ పళ్ళెం ఎత్తి పట్టుకొని నన్ను వింటోంది.