డెయిరీ వాలులో మూడో చప్పుడు

మా కార్డిన్ క్రీక్ ఊళ్ళో మంచు మీద బతికేవాళ్ళే ఎక్కువ. నేను స్కీలు, పారలు, తాళ్ళు అమ్ముతాను. కానీ అమ్మకం ఒక్కదాన్నే నమ్ముకుంటే దుకాణం ఇంకో శీతాకాలం నిలవదని ఆ ఏడు తేలిపోయింది. నిలవాలంటే జనాన్ని కొండ మీదికి తీసుకెళ్ళే పని చేతికి రావాలి. దానికి మంచుచరియల రక్షణ పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష మా లోయకి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అంటే తప్పితే దుకాణం మూతే. బేరం ఇంత తేటగా ఉన్నప్పుడు భయపడి లాభం లేదు, సాధన చెయ్యాలి.

నాతోపాటు ఇవార్ కూడా పరీక్షకి కూర్చున్నాడు. మా ఆయన తమ్ముడు. స్కీ మైదానంలో గస్తీ పని. పరీక్షకి ముందురోజు ఇద్దరం డెయిరీ వాలు అనే కొండవాలు కింద ఉన్న మైదానానికి వెళ్ళాం. మర్నాడు పరీక్ష జరిగేదీ అక్కడే. ఒకరు వెనక్కి తిరిగి నిలబడితే, రెండోవాళ్ళు బీకన్ యంత్రాల్ని సంచుల్లో పెట్టి మంచులో పాతాలి. మంచులో కూరుకుపోయిన మనిషి ఒంటి మీద ఉండి చప్పుడు పంపేవి ఆ యంత్రాలే. మొదటివాళ్ళు చేతిలోని యంత్రం చూపించే దారిని బట్టి వెతికి తియ్యాలి.

నేను తిరిగి చూసేసరికి నా యంత్రం మూడు చూపిస్తోంది.

"మూడు పెట్టావేంట్రా?"

"రెండే పెట్టాను వదినా. పారకి ఒక ధర, పిడికి ఒక ధర కట్టే మనిషివి, నీకు లెక్క తప్పడమేంటి?"

"వేళాకోళం ఆపు. ఫోను ఆపావా?"

"ఆపాను. నీ వేడి చేతితొడుగులో?"

ఫోను, కరెంటు తొడుగుల్లాంటివి దగ్గరుంటే యంత్రం లేనిదాన్ని కూడా ఉన్నట్టు పలుకుతుంది. అమ్మే ప్రతిసారీ కొనేవాళ్ళకి నేనే చెప్పే మాట అది. తొడుగులు విప్పి, ఆపి, దూరంగా విసిరేశాను. మూడోది పోలేదు. పాతిన రెండు సంచులూ తవ్వి తీసి, యంత్రాలు ఆపేశాం. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఇవార్ తన యంత్రం తీశాడు. అదీ అటే చూపించింది, వాలు మొదట్లో ఉన్న ఫిర్ చెట్ల వైపు.

"ఎవరో పారేసుకుని ఉంటారు," అన్నాడు. అంటూనే పారకి పిడి బిగించాడు.

అక్కడ మంచు మీద అడుగుజాడ లేదు, స్కీ గీత లేదు. మంచులో గుచ్చి వెతికే కడ్డీ దించితే ఏమీ తగల్లేదు. అయినా యంత్రం ఇక్కడే అంటోంది. లేని మనిషి కోసం తవ్వితే సాధనకి టైము పోతుంది. ఉన్న మనిషిని వదిలేస్తే ఇంకేం మిగులుతుంది? తవ్వాం.

నడుము లోతు దిగాక గోతి గోడలో పొరలు కనపడ్డాయి. పైన కొత్త మంచు, దాని కింద పంచదారలా రాలే పొర, ఇంకా కింద శీతాకాలం మొదట్లో వాన పడి గట్టిపడ్డ పెంకు. ఆ పెంకు గోతి అంతటా తెగకుండా లాగిన దారంలా ఉంది. వాన పడ్డాక దాన్ని దాటి ఎవరూ కిందికి పోలేదు, ఎవరినీ పైకి తియ్యలేదు. పెంకుని పగలగొట్టాను. కింద బోలుగా ఉంది.

మంచులో కూరుకుపోయినవాడు ఊపిరి తీస్తున్నంతసేపూ మొహం చుట్టూ మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి అద్దంలా అవుతుంది. మావాళ్ళు దాన్ని ముసుగంటారు. ఇవార్ తన పనిలో అలాంటివి చూశాడు. నేను వినడమే. ఆ బోలు లోపల అదే ఉంది. నున్నటి మంచుగాజులో ఒక మొహం అచ్చు. పెద్ద నుదురు, ఎడమకి విరిగి అతుక్కున్న ముక్కు, గడ్డం మధ్య లోతైన గాటు. మనిషి మాత్రం లేడు.

యంత్రం దగ్గర పెట్టాను. దూరం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చప్పుడు ఆగిపోయింది.

ఇవార్ ముసుగు మీదికి వంగాడు. తర్వాత చిన్నగా, "వదినా, గాజు మీద చెమ్మ చూడు," అన్నాడు.

చూశాను. చెమ్మ పడుతోంది, ఆరుతోంది. మళ్ళీ పడుతోంది.

మేం గోతిలోంచి ఎలా బయటపడ్డామో నాకు సరిగ్గా గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న ఫైరింజన్ల షెడ్డు మేడ మీద పరీక్షవాళ్ళందరం పోగయ్యాం. కాఫీలు, అల్లం బిస్కెట్లు. మా పనిలో ఒక కట్టుబాటుంది. పొద్దున్నే కూర్చుని ఆ రోజు ఏ వాలుకి వెళ్ళొచ్చో ఒక్కొక్కటే అనుకుంటాం. ఏ ఒక్కరు కాదన్నా ఆ వాలు ఆ రోజుకి మూత. తర్వాత ఎండ కాసినా, అన్నవాళ్ళే మనసు మార్చుకున్నా మళ్ళీ తెరవరు. మామూలు రోజుల్లో కారణం కూడా అడగరు. పరీక్షలో మాత్రం కారణానికే మార్కులు.

తలుపు తీసుకుని పరీక్షాధికారి వచ్చాడు. పేరు డ్రుమండ్. సముద్రం వైపునుంచి వచ్చాడు, మా లోయ ఎప్పుడూ చూడలేదట. టోపీ తీశాడు. పెద్ద నుదురు. ఎడమకి విరిగిన ముక్కు. గడ్డం మధ్య గాటు.

ఇవార్ చేతిలో బిస్కెట్టు విరిగింది. నేను బల్ల కింద వాడి బూటు తొక్కాను.

"డెయిరీ వాలు," అన్నాడు డ్రుమండ్. "నిన్న పడ్డ మంచు తక్కువే, గాలి లేదు. ముందు నేనొక్కణ్ణే వెళ్ళి ఫిర్ చెట్ల దగ్గర సంచులు పాతి వస్తాను. అందరికీ సమ్మతమేనా?"

ఒక్కొక్కరే సరేనన్నారు. నా వంతు వచ్చింది.

"కాదు," అన్నాను.

"మంచిది. కారణం?"

దుకాణంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఇది అమ్మకానికి కాదు అని చెప్పిన వస్తువునే కొనేవాడు ముందు చేతిలోకి తీసుకుంటాడు. చూసింది చెప్తే ఈయన నవ్వుతాడు, తర్వాత వెళ్ళి చూస్తాడు. పంచదార పొర బలహీనంగా ఉందని సాకు చెప్తే, విద్యార్థి చదివింది సరో కాదో చూడటం ఆయన పని కాబట్టి, అప్పుడూ వెళ్ళి చూస్తాడు. ఏది చెప్పినా ఆ గోతికి దారి వేసినట్టే.

"కారణం లేదు. కాదు, అంతే."

"అమ్మా, మీకు అర్థమవుతోందా? కారణం లేకపోతే ఈ భాగంలో మీరు తప్పినట్టే. ఇది తప్పితే పరీక్ష మొత్తం తప్పినట్టే."

"అర్థమైంది."

"వదినా..." అన్నాడు ఇవార్.

"నువ్వు నోరు మూసుకుని కాఫీ తాగరా."

కట్టుబాటు కట్టుబాటే. డెయిరీ వాలుని మూసేశారు. లోయకి అవతలి పక్కన పరీక్ష పెట్టారు. రోజంతా బాగా చేశాను, వెతికాను, తవ్వాను, పొరలు చదివాను. అక్కణ్ణించి డెయిరీ వాలు ఎదురుగా కనపడుతూనే ఉంది. పిడికెడు మంచు కూడా జారలేదు. మిగతావాళ్ళు నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూశారు.

సాయంత్రం ఇవార్ నెగ్గాడు. నేను తప్పాను. డ్రుమండ్ మా దుకాణం ముందు ఆపిన తన కారు దాకా నన్ను రమ్మన్నాడు.

"మిగతావన్నీ అందరికన్నా మీరే బాగా చేశారు. నాకూ బాధగా ఉంది. కారణం ఏదో ఒకటి చెప్పండి, ఇప్పుడైనా మార్చి రాస్తాను."

"లేదండీ."

"పొద్దుట్నుంచీ నా మొహం అలా చూస్తున్నారేంటి?"

"ఎవరో తెలిసినవాళ్ళలా ఉంటేనూ."

ఆయన ముక్కు తడుముకుని నవ్వాడు. "సరే, నాకెలాగూ ఇంకా వెలుతురుంది. పోతూ పోతూ ఆ వాలు ఒకసారి చూసి పోతాను. మూసింది విద్యార్థులకే కదా."

"కట్టుబాటు మీకు లేదా?" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "రోజుకి మూత అంటే అందరికీ మూతే. నా పరీక్ష పోగొట్టుకుని కొన్నాను దాన్ని. మీరు ఊరికే తెరుస్తారా?"

ఆయన టోపీ పెట్టుకున్నాడు. కారెక్కాడు.

మా వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమది కొండకి, కుడిది పెద్ద రోడ్డుకి. కారు అక్కడ ఆగింది. లోపల ఆయన తల ఎడమకి తిరిగే ఉంది. అద్దం లోపలివైపు చెమ్మ పట్టి మొహం కనపడకుండా పోయింది. కాస్త ఆరింది. మళ్ళీ పట్టింది.

ఇవార్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

కారు కుడి సిగ్నల్ దీపం వెలిగింది. కారు పెద్ద రోడ్డు ఎక్కి మలుపు తిరిగేదాకా నిలబడి, దుకాణం ముందున్న పారలు లోపల పెట్టడం మొదలుపెట్టాను.