గోవిందన్న కథలో ఆడమనిషి

గోవిందన్న చేలో మోటారు వైరు పట్టపగలే పోయింది. ఆయన జొన్నరొట్టె తిని, మొహం మీద తుండు కప్పుకొని గట్టు మీద గుర్రు పెడుతుంటే ఎవరో తాపీగా కోసుకుపోయారు. ఉన్నదున్నట్టు చెబితే ఆయన గోవిందన్న ఎట్లా అవుతాడు? టీ అంగడి దగ్గర మొదటి టీకి దొంగలు ముగ్గురయ్యారు, రెండో టీకి ఐదుగురు. వాళ్లను ఆదోని రైలుస్టేషన్ దాకా తరిమానన్నాడు. తన పరుగు చూసి రైలే జడుసుకొని రెండు నిమిషాలు ముందు కదిలిందన్నాడు. అప్పటికీ కథలో ఉప్పు చాలలేదనిపించింది.

"వాళ్లకి దారి సూపిస్తా ఒక ఆడమనిషి ముందర పోతాండె. పొడుగ్గా, నెత్తిన మూటతో," అని కలిపాడు.

ఆ మాటల మీదే ఊళ్లో కాపలా దళం లేచింది. ఇంటికొకరు పేరిచ్చారు. వాళ్లలో కుర్రాడు ఉమేష్ ఆదోని పోయి ఈలలు తెచ్చాడు. దొంగల్ని కళ్లారా చూసినవాడని గోవిందన్నను పెద్దను చేసి, ఎర్ర దారంతో మెడలో ఈల వేశారు. స్నానం చేసేటప్పుడు కూడా ఆయన దాన్ని తీయలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఈల మోగింది. గోవిందన్న పోయేసరికి వీధి మధ్యన హులిగెమ్మ నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుగా ఆయన చేలో పత్తి ఏరే మనిషి. ఆమె మూట విప్పేసి ఉంది, పత్తి మట్టిలో పడి ఉంది.

"సిన్నాయనా, ఈమేనా? పొడుగు, మూట... నువ్వు సెప్పినట్టే ఉండాది," అన్నాడు ఉమేష్.

"ఆ పత్తి యాడిదో నువ్వే సెప్పు గోవిందన్నా," అంది హులిగెమ్మ.

ఆఖరి ఏరుడు అయ్యాక చెట్లకు మిగిలిన పత్తిని కూలికొచ్చిన ఆడవాళ్లు తీసుకుపోవడం ఆ పక్క వాడుక. చేలోకి మేతకు గొర్రెల్ని తోలకముందే ఏరుకొమ్మని పొద్దున ఆయనే చెప్పాడు.

"నా సేనిదే. నేనే ఏరుకోమన్నాను."

"పత్తి సంగతి సరేప్పా. ఆ పొద్దు దొంగల ముందర పోయింది ఈమేనా, కాదా?" దళంలోని గిడ్డయ్య అడిగాడు.

కాదంటే, మరెవరని అడుగుతారు. గోవిందన్న ఈలను పట్టుకొని నేల చూశాడు. వాళ్లకు అది చాలింది.

"పోలీస్ స్టేషన్‌కి ఫోన్ కొట్టండ్రా," అన్నాడు గిడ్డయ్య, తానూ ఫోన్ తీస్తూ.

హులిగెమ్మ ఏడవలేదు. కూర్చుని, మట్టి దులిపి, పుల్లలు తీసి పత్తిని మూటలోకి ఏరసాగింది. ఆయన చేలో ఏరినంత శుభ్రంగా. గోవిందన్న చూడలేకపోయాడు.

"నేను నిద్రపోయినానురా! దొంగల్ని సూడనేలేదు. రైలూ లేదు, ఆడమనిషీ లేదు."

అందరూ గొల్లున నవ్వారు. "దాని కంటే ఇదే బాగుండాది సిన్నాయనా! ఆయమ్మ మీద జాలితో కొత్తది అల్లుతాండావా?"

జన్మలో మొదటిసారి నిజం చెబితే దానికీ నవ్వే. ఆయన ఈల తీసి ఉమేష్ చేతిలో పెట్టాడు. హులిగెమ్మ పక్కన చతికిలబడి మిగిలిన పత్తి ఏరాడు. మూట కట్టి, తన నెత్తికే ఎత్తుకున్నాడు. అప్పుడు ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. గిడ్డయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

వీధి పొడుగునా ఆయన ముందు, ఆమె వెనుక. గడపల్లో నిలబడ్డ వాళ్ల వైపు ఆయన తలెత్తలేదు.

తన ఇంటి ముందర, ఆయన నెత్తి మీది మూట దించుకుంటూ హులిగెమ్మ అంది:

"రేపు టీ అంగడికాడ నీ కతలో నన్ను యాడికి పంపిస్తావు గోవిందన్నా?"

గోవిందన్న తుండు తీసి మొహం తుడుచుకున్నాడు.