సుగుణరత్నం టీచరు గోడపటం

నేను ఒక గోడపటాన్ని. గుడ్డమీద అతికించిన కాగితం, పైనా కిందా ఒక్కొక్క కర్రబద్ద, నడుమ రాజస్థాన్. ఇదీ నా స్వరూపం. మద్రాసులో అచ్చయ్యాను. నన్ను అచ్చువేసినవారిలో ఎడారిని చూసినవారు ఒక్కరూ లేరు. అయినా పసుపు రంగు ధారాళంగా పులిమారు. చూడనిదాన్ని ధీమాగా చిత్రించడం మనుషులకు పుట్టుకతో వచ్చిన విద్య.

తెనాలిలోని ఒక బాలికల పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు వేలాడాను. నన్ను చూపి పాఠం చెప్పింది భూగోళం టీచరు సుగుణరత్నం. చిన్ననాటి పోలియో వల్ల ఆమె ఎడమకాలికి ఇనుప పట్టీలు ఉండేవి. ఆమె కర్రమొన తగిలి తగిలి జైసల్మేరు దగ్గర నాకు చిల్లు పడింది. చంబల్ నది రాతిని కోసి లోయ చేసిన వైనం ఆమె చెబుతుంటే, వెనుక బెంచీ పిల్లలు సైతం కిటికీవైపు చూడటం మానేసేవారు. ఆ లోయను ఆమె ఎన్నడూ చూడలేదు. కొత్త పటాలు వచ్చి నన్ను పారవేయబోతే, అర్జీ పెట్టి మరీ తన ఇంటికి తెచ్చుకుంది.

ఆమె రిటైరైన మరుసటి ఏడు ఒక ఆదివారం, మాజీ హెడ్‌మిస్ట్రెస్ హైమవతి, లెక్కల టీచరు జరీనా వచ్చారు.

"సుగుణా, నీ రాజస్థాన్ పటం ఒకసారి పరచమ్మా," అంది హైమవతి.

"దేనికి మేడమ్?"

"యాత్ర వెళ్తున్నాం. కోటా దాకా రైలు, అక్కణ్ణుంచి జీపు. చంబల్ లోయ, రణథంభోర్ పులులు, ఆఖర్న జైసల్మేరు దగ్గర ఎడారి పార్కు. మన టీచర్లం ఐదుగురం."

"జీపులో ఆరో సీటు ఖాళీయే. సంచులు పెట్టుకోవచ్చు," అంది జరీనా.

టీ అందిస్తున్న సుగుణరత్నం ఒకే కప్పులో పంచదార రెండోసారి వేసింది. వారు గమనించలేదు. మనుషులు పటాన్ని చూసినంత శ్రద్ధగా ఎదుటి మనిషిని చూడరు.

జరీనా నామీద స్కేలు పెట్టింది. లోయకు ఈ గట్టున ఒక మజిలీ, ఆ గట్టున మరొకటి.

"రెండు సెంటీమీటర్లు మేడమ్! గంటలో పోతాం."

సుగుణరత్నం కుట్టుపెట్టెలోంచి దారం తీసి నీళ్లలో తడిపింది. కష్టపడి నేలమీద కూర్చుని, నా ఎర్రటి రోడ్డు వెంట ఆ దారాన్ని ఒక్కొక్క మలుపూ తిప్పుతూ పరిచింది. తడిదారం కాగితాన్ని అంటిపెట్టుకుంటుంది, మలుపు తప్పిపోదు. తర్వాత దాన్ని తీసి, సాగదీసి స్కేలుమీద కొలిచింది.

"లోయమీంచి ఎగిరిపోతారా జరీనా? వంతెన ఎక్కడో కింద ఉంది. చుట్టు తిరిగి రావాలి. ఆరు గంటలు."

జరీనా నాలుక కరుచుకుంది. "లెక్కల టీచర్నని కూడా చూడకుండా పరువు తీశావక్కా!"

హైమవతి నవ్వింది. "నువ్వు లేకపోతే లోయలోనే పడేవాళ్లం సుగుణా. దారిలో ఎస్టీడీ బూత్‌ల నుంచి ఫోన్ చేస్తాం. పటం చూసి దారి చెబుదువుగాని."

"నేనెందుకు రాకూడదు మేడమ్?"

"రాళ్లూ, గుట్టలూ... నీ కాలు ఉందిగా. నీ మంచికే అనుకున్నామమ్మా."

"మీరున్న పదకొండేళ్లూ నా క్లాసు రెండో అంతస్తులోనే వేశారు. కిందికి మార్చమని మూడుసార్లు రాసిచ్చాను. అప్పుడు కనపడని కాలు ఇప్పుడెలా కనపడింది?"

హైమవతి జవాబు కోసమన్నట్టు నావైపు చూసింది. నామీద నదులున్నాయి, రైలుదారులున్నాయి, మెట్లు లేవు. ఆమె తల ఎత్తింది.

"తప్పు నాదే సుగుణా. ముందు సీటు నీది."

"సంచులు నా ఒళ్లో పెట్టుకుంటాలే, పదక్కా!" అంది జరీనా.

జనవరిలో చంబల్ గట్టుకు చేరాము. జీపు ఆగిన చోటినుంచి అంచు వరకు అన్నీ బండలే. సుగుణరత్నం నన్ను చుట్టచుట్టి చంకన పెట్టుకుని, ఆగుతూ, కూర్చుంటూ, మళ్లీ లేస్తూ నడిచింది. మిగిలినవారు తమ నడక తగ్గించుకున్నారు. నేను ఇన్నేళ్లూ వెంట్రుకంత నీలిగీతగా చూపిన నది, పాతాళంలో కొండలను చీల్చుకుంటూ పోతోంది.

"టీచరుగారూ, పాఠం మొదలెట్టండి మరి," అంది జరీనా.

"ఉండవే. చెప్పింది చాలు. కాస్త చూడనీ."

పొద్దు వాలేవరకు చూసింది. ఆ రోజు ఆమె నన్ను విప్పనే లేదు.