ఇంటర్వ్యూలో తప్పింది అమ్మ

ప్రవేశ పరీక్షలో ఫస్టు నేనే. అయినా ఆ పెద్ద బడిలో సీటివ్వాలంటే తల్లిదండ్రులకూ ఇంటర్వ్యూ ఉంటుందట. పిల్ల ఒక్కతీ పాసైతే చాలదు, పుట్టిన ఇల్లు కూడా పాసవ్వాలి.

నాకు నాన్న లేడు. అమ్మ ఆ బడిలోనే ఆయా. రోజూ తను ఊడ్చే ప్రిన్సిపాల్ గదిలోకి ఆవేళ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

"కూర్చోండి," అంది మేడం.

అమ్మ కొంగుతో కుర్చీ తుడిచింది కానీ కూర్చోలేదు. బల్లమీద ఎవరో తాగి వదిలేసిన టీకప్పులు కనబడ్డాయి. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? గబగబా ఏరి ట్రేలో పెట్టేసింది.

మేడం నవ్వింది. "నీ కూతురు బంగారమే. కానీ ఇక్కడి పిల్లల్లో ఇమడలేదు. నీ మంచికే చెప్తున్నా."

"అలాగేనమ్మా," అని అమ్మ ఆ కప్పులు కడగడానికి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు అమ్మ ఆ గది ఊడుస్తుంటే చెత్తబుట్టలో నా దరఖాస్తు కనబడిందట. దానిమీది ఫొటో చిరక్కుండా ఊడదీసి ఇంటికి తెచ్చింది.

"దాచుకోవే, సర్కారు బడి ఫారానికి పనికొస్తుంది."

మిగతా కాగితాన్ని చెత్తతోపాటు తనే పారబోసి వచ్చింది. అమ్మకు జీతమిచ్చేది అందుకే మరి.