కుళాయిలు కట్టేసిన మధ్యాహ్నం

పంపు ఆగిందని ఆమె చెవులకన్నా ముందు కాళ్లకు తెలిసింది. పంపుల గది నేల అదరడం మానేసింది. తింటున్న అన్నం డబ్బాకి మూత పెట్టి సంపు దగ్గరికి పరుగెత్తింది.

ఊరి మురుగంతా ఆ సంపులోకే వస్తుంది. అక్కణ్ణుంచి పంపు తోడి పోస్తే, పక్క తొట్లలో శుద్ధి అయి ఏట్లో కలుస్తుంది. ఉన్న రెండు పంపుల్లో ఒకటి మరమ్మతుకు వెళ్లింది. రెండోదాని రెక్కలకు ఎవరో పారేసిన గుడ్డ చుట్టుకుని, మోటారు కాస్తా కాలి కూర్చుంది. ఇక సంపు నిండితే, గోడ పైఅంచున ఉన్న తూములోంచి మురుగు ఉన్నదున్నట్టు ఏట్లోకే.

"దారిలో ఉన్నానమ్మా, పొద్దుగూకేలోపు వచ్చేస్తా" అన్నాడు ఫోనులో మెకానిక్కు.

"అప్పటికి సంపు పొర్లిపోతుంది బాబాయ్!"

ఇంజనీరుకు చేసింది. "తూము పెట్టిందే అందుకు కదమ్మా. మన తప్పేం లేదు" అన్నాడాయన.

తప్పు లేదు, నిజమే. అయినా ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది. కుర్చీలోంచి సంపుకి, సంపు దగ్గర్నుంచి ఏటిగట్టుకి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎండలకు ఏరు సన్నబడిపోయింది. వంపులో ఉన్న ఒక్క మడుగులోనే చేపలన్నీ తలదాచుకుంటున్నాయి.

చెత్తబండికి మైకుందని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమని చెప్పమంటావక్కా?" అన్నాడు బండి డ్రైవరు.

"చీకటిపడేదాకా స్నానాలొద్దు, ఉతుకులొద్దు, దొడ్డికెళ్లినా చెంబుడు నీళ్లతో సరిపెట్టుకోమని."

"నవ్వుతారక్కా."

"నవ్వనీ. నవ్వుతూ కుళాయి కట్టినా చాలు."

బండి వీధుల్లో పడింది. ఆమె మాత్రం నేరుగా అత్తగారు నడిపే బట్టలుతికే కొట్టుకు వెళ్లింది. ఆ వీధిలో అన్ని నీళ్లు వాడేవాళ్లు ఇంకెవరూ లేరు. మిషన్లన్నీ గిరగిరా తిరుగుతున్నాయి.

"అత్తయ్యా, మిషన్లు ఆపాలి."

"దుప్పట్లు సబ్బులో ఉన్నాయి. సాయంత్రానికి ఇవ్వకపోతే లాడ్జివాళ్లు నన్ను ఉతికి ఆరేస్తారు. నీ ఉద్యోగం నా కొట్టుకు తేవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఏట్లోకి పోతుందత్తయ్యా."

"పోతే పోనీ. నేనొక్కదాన్నే పోస్తున్నానా?"

మాటకు మాట చెప్పే ఓపిక ఆమెకు లేదు. వెళ్లి గోడమీది మెయిన్ స్విచ్చు మీద చెయ్యి వేసింది. వేసిందేగానీ దింపలేకపోయింది. ఆ మిషన్ల మీదే అత్తగారు కొడుకుని చదివించింది, తనకు పెళ్లిలో బట్టలు పెట్టింది. చెయ్యి అలాగే ఉండిపోయింది.

అత్తగారు వచ్చి ఆ చేతిని పక్కకు తోసింది. "కోడలు వచ్చి ఆపించిందని రేపు ఊరంతా చెప్పుకోవాలా? నా కొట్టు నేనే ఆపుకుంటాను" అంటూ స్విచ్చు దింపేసింది. ఆపైన కోడలి ముఖం చూడలేదు.

సంపు నిండడం నెమ్మదించిందిగానీ ఆగలేదు. మెకానిక్కు వచ్చి, తెచ్చిన మోటారు బిగిస్తుండగానే తూములోంచి పలచని పొరలా మురుగు జారడం మొదలైంది. "కానీ బాబాయ్, కానీ" అంటూ అతని నెత్తిమీదే నిలబడింది. "మీదపడకమ్మా, చెయ్యి ఆడట్లేదు" అని అతను కసిరాడు. ఎట్టకేలకు పంపు అందుకుంది. తూము ఆగింది.

ఆమె గట్టు వెంట మడుగు దాకా నడిచింది. బూడిదరంగు చార ఒకటి అంచు వెంబడి పాకుతోంది. రెండు చేపలు పొట్ట తిరగేసి తేలాయి. మిగతావి అవతలి ఒడ్డున నీళ్లను కదుపుతున్నాయి. చార పలచబడేదాకా అక్కడే నిలబడి, కొట్టుకు వచ్చింది.

"ఇప్పుడు వాడుకోవచ్చా నీ నీళ్లు?" అంది అత్తగారు, తల ఎత్తకుండానే.

"వాడుకోండత్తయ్యా."

"అయితే ఆ కొస పట్టు. సబ్బు ఎండి అట్టకట్టింది, మిషను వదిలించేలా లేదు."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి జాడించారు, పిండారు. కాలిన మోటారు స్థానంలో తెచ్చిందీ పాతదే. ఎంతసేపు తిరుగుతుందో! బల్లమీది ఫోను మోగుతుందేమోనని ఆమె క్షణానికోసారి అటే చూస్తోంది.

"ఫోను వైపు కాదే, దుప్పటి వైపు చూడు" అంది అత్తగారు. "నేలకు రాసుకుంటోంది."