మూడుసార్లు విప్పిన దిండు

కుట్టేటప్పుడు మనసులో ఏముంటే, ఆ దిండు మీద పడుకున్నవాళ్ళ కలలోకి అదే వస్తుందని పరుపులు కుట్టే పెద్దక్క నమ్మకం. ధ్యానమందిరానికి ఆసనాలు కుట్టించుకునే బౌద్ధ భిక్షుణి మాటలతో మొదలైన పిచ్చి ఇది. “అకుశలం, అంటే చెడు తలపు, వస్తే తరమకమ్మా. అసూయైతే అసూయ వచ్చిందని చూడు, చెయ్యి ఆపు. అది పోయాక పని చేసుకో,” అందావిడ. చెప్పడానికేం, ఆవిడకి చెల్లెలు లేదు.

పెద్దక్కకి ఉంది. రేపు దానికి గుండె ఆపరేషన్. పది రోజులుగా కంటి మీద కునుకు లేదట. “నువ్వు కుట్టిన దిండైతే నిద్రపడుతుందక్కా, సాయంత్రం వస్తా,” అని ఫోన్ చేసింది.

మధ్యాహ్నం ఎండ కొట్లోకి ఏటవాలుగా పడుతోంది. ఏకిన దూది గాల్లో తేలుతుంటే మిషనూ, గోడా, తన చేతులూ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. పెద్దక్క గుప్పెడు దూది కూరింది. అమ్మ గుర్తొచ్చింది. తను రైలు దిగేసరికి అంతా అయిపోయింది. అమ్మ ఆఖరి మాట చెల్లెలికే దక్కింది. మూడేళ్ళయినా కడుపుమంట చల్లారలేదు. అసూయే, సందేహం లేదు. విప్పేసింది.

రెండోసారి ప్రేమగా కూరింది. సగం నిండేసరికి ‘ఇలాంటి అక్క ఎవరికుంటుంది!’ అని లోపల ఎవరో మురిసిపోతున్నారు. గర్వం! అదీ అకుశలమేనాయె. మళ్ళీ విప్పింది. మూడోసారి గబగబా కుట్టేసి, పరీక్షకని దాని మీదే తల వాల్చింది. కలలో అమ్మ మంచం, చుట్టూ మోకాళ్ళలోతు దూది. నడిచినకొద్దీ మంచం దూరం జరుగుతోంది.

ఉలిక్కిపడి లేచి కుట్లు విప్పుతుంటే చెల్లెలు వచ్చింది.

“ఇంకా కాలేదా అక్కా?”

“కాలేదే. అమ్మ ఆఖరి మాట నీకు చెప్పింది, నాకు కాదు. ఆ మంటతో కుట్టింది నీ తల కింద ఎలా పెట్టను?”

అనేసి నాలుక కరుచుకుంది. రేపు గుండె కోయించుకోబోయే మనిషితోనా ఈ మాట!

చెల్లెలు దూదిరాశి పక్కన కూలబడింది. “అమ్మ నాకేం చెప్పలేదక్కా. ‘పెద్దదానా, వచ్చావా?’ అంది. రాలేదనడానికి నోరు రాలేదు. ‘వచ్చానమ్మా’ అన్నా. నా చెయ్యి పట్టుకుని, నీదనుకునే పోయింది. ఏడాదిపాటు ఊడిగం చేసింది నేను, పిలిచింది నిన్ను. నాకూ మండింది. అందుకే చెప్పకుండా దాచా.”

పెద్దక్కకి ఏడుపు ఆగలేదు. అది కుశలమో అకుశలమో చూసుకునే ఓపిక లేదు. కళ్ళు తుడుచుకునేసరికి చెల్లెలు దూదిరాశి మీదే ఒరిగి, కొంచెం నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

పెద్దక్క పక్కన చేరి, చప్పుడు కాకుండా దాని చెయ్యి అందుకుంది. అమ్మ పెద్దదానిదనుకున్న చెయ్యి.