పిడికెడు తరుగు

నాలుగింటికి కేఫ్ ఆవిడ వస్తుంది. ఇంతకుముందు తిన్న రుచే మళ్ళీ తగిలితే రోజూ మా వదిన దగ్గరే కేక్ కొంటుంది. లేదంటే వీధి చివరి బేకరీకి పోతుంది. వదిన కుడిచెయ్యేమో మోచేతి దాకా కట్టులో ఉంది.

అందుకే సెలవు పెట్టి వచ్చాను. నేను బంగారం కొట్లో తూకం చూస్తాను; అక్కడి పాత కాటా వెంట తెచ్చాను.

"నువ్వు కప్పుతో కొలిచివ్వు వదినా, నేను గ్రాముల్లోకి మారుస్తా. ఇక నీ చెయ్యి లేకపోయినా కేక్ వస్తుంది."

"అంటే నన్ను పనిలోంచి తీసేస్తున్నారన్నమాట, ఆడపడుచుగారూ. మైదాలో కూడా తరుగు తియ్యకు, అదే చాలు."

ఎడమచేత్తో కప్పు ముంచి, పైన చదును చేసి ఇచ్చింది. నూట యాభై గ్రాములు. నాలుగు కప్పులకి ఆరువందలు. పంచదార, వెన్న కూడా తూచి, కలిపి ఓవెన్‌లో పెట్టాను.

బయటికొచ్చింది కేక్ కాదు. అన్నయ్య చెంచాతో తట్టి చూశాడు. "తలుపుకి అడ్డం పెట్టుకోవచ్చు," అని, వదిన చూపు తన మీద పడగానే మెల్లగా జారుకున్నాడు.

"నీ కాటా అబద్ధం చెప్తోంది," అంది వదిన.

"పెళ్ళికూతుళ్ళ నగలకే చెప్పనిది, నీ మైదాకి చెప్తుందా?"

ఇంకొక్క కేక్‌కే టైముంది. అదీ పోతే కేఫ్ ఆవిడ ముందు పెట్టడానికి ఆ రాయే మిగుల్తుంది.

"మైదా మళ్ళీ కొలువు. మాట్లాడకుండా."

"అది కష్టం," అంటూనే మొదలుపెట్టింది.

ఈసారి కాటాని వదిలేసి మనిషిని చూశాను. కప్పు నిండిన ప్రతిసారీ కట్టులోంచి బయటికున్న వేళ్ళు కప్పు వైపు కదులుతున్నాయి.

"ఆ వేళ్ళెందుకు ఆడుతున్నాయి?"

వదిన తన వేళ్ళని తనే వింతగా చూసుకుంది. "ఓ, అదా. కప్పు నిండాక పిడికెడు తీసి మళ్ళీ మైదా డబ్బాలో వేసేస్తాగా."

"ఎందుకు?"

"అంతా మనమే లాక్కుంటే డబ్బా ఏమనుకుంటుంది?"

"ముందే చెప్పొచ్చుగా."

"నువ్వడిగింది కొలత. అది మర్యాద."

"నన్ను తరుగు తియ్యొద్దని చెప్పి, నువ్వే కప్పు కప్పుకీ తీస్తున్నావు."

ఎడమచేత్తో పిడికెడు తీయించి తూచాను. ముప్పై గ్రాములు. అంటే వదిన కప్పు నూట ఇరవై. మొత్తం నాలుగొందల ఎనభై. వెంటనే పిండి కలిపాను.

కేఫ్ ఆవిడ వచ్చేసరికి కేక్ ఇంకా వెచ్చగానే ఉంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. వదిన వేళ్ళు మళ్ళీ కదిలాయి.

"చెయ్యి ఇలా ఉందని విని, రుచి మారుంటుందని భయపడ్డానండీ," అందావిడ రెండో ముక్క తీసుకుంటూ. "రేపట్నుంచే పంపండి."

ఆవిడ వెళ్ళాక అట్టముక్క మీద 480 అని పెద్దగా రాసి కాటా పక్కన అంటించాను. వదిన దాన్ని ఎగాదిగా చూసింది. "చేతులకి పనే లేకుండా చేశావు," అంది. కానీ నవ్వుతోంది.

కట్టు విప్పాక చూసిపోదామని వెళ్ళాను. వదిన కాటా మీద గిన్నె పెట్టి, సరిగ్గా నాలుగొందల ఎనభై పోసింది. తర్వాత కుడిచేత్తో పిడికెడు తీసి డబ్బాలో వేసేసింది.

తను వెన్న కోసం అటు తిరగ్గానే ఆ పిడికెడూ తిరిగి గిన్నెలో పోసి, అట్టముక్క మీది అంకెని 510గా దిద్దాను.